ఉద్దానపు తీరము: దాని పుట్టుక, దాని రక్షణ

పలాసనుండి వజ్రపుకొత్తూరు మీదుగా సముద్రపుటొడ్డునకు పోవు బాటసారికి భూమి ఒక్కతీరుగ కనబడదు. మొదట ఎఱ్ఱనేల, దానిపై జీడితోటలు. పిమ్మట ఇసుకమెట్టలు, వానిపై కొబ్బరి, పనస. మెట్ట దిగినంతనే నీరు నిలుచు పల్లము, అందు వరిచేలు. మరల ఒక మెట్ట, దానిమీద ఒక ఊరు. కట్టకడపట సరుగుడు తోపు, మొగలి పొదలు, ఇసుకదిబ్బ, దాని ఆవల సముద్రము. మందస, సోంపేట, కవిటి ప్రాంతములందును, టెక్కలికి దిగువ సంతబొమ్మాళి వైపునను కొలది మార్పులతో ఇట్టి వరుసయే కానవచ్చును.

ఈ వరుస అప్రయత్నముగ ఏర్పడినది కాదు. కొండ, నది, అల, గాలి, మొక్క అను ఐదును వేలకొలది సంవత్సరములు పనిచేసి దీనిని నిర్మించినవి. నేటికిని పనిచేయుచునే యున్నవి. తీరగ్రామ పంచాయతీ సభ్యులు ఈ సంగతి తెలిసికొనుట మిక్కిలి అవసరము. ఏలయన, దిబ్బనుండి ఇసుక తీయుట, పల్లమును పూడ్చుట, క్రొత్త బావికి స్థలము నిర్ణయించుట, సరుగుడు తోపును నరకుట మొదలగు విషయములు ఎప్పుడో ఒకప్పుడు పంచాయతీ ముందునకు వచ్చును. తీరము ఎట్లు ఏర్పడినదో ఎఱుగనివారు అది ఎట్లు చెడునో కూడ ఎఱుగజాలరు.

ఇసుక ఎచ్చటినుండి వచ్చినది?

సముద్రపు ఇసుక సముద్రములోనే పుట్టినదని పలువురు తలంతురు. మన తీరపు ఇసుకలో అధికభాగము కొండలలో పుట్టినది. మనకు పడమట తూర్పుకనుమలు గలవు. వానిలో 1,501 మీటర్ల ఎత్తుగల మహేంద్రగిరి మన తీరమునకు మిక్కిలి చేరువనే యున్నది. ఈ కొండలు ముఖ్యముగ ఖోండలైటు, చార్నొకైటు అను ప్రాచీన శిలలతో ఏర్పడినవి. ఈ కనుమలలో నివసించు ఖోండుల పేరుమీదనే భూగర్భ శాస్త్రజ్ఞులు ఖోండలైటునకు ఆ పేరు పెట్టిరి.

ఎండకు వేడెక్కి, వానకు తడిసి, చెట్ల వేళ్ళకు బీటలువారి ఈ శిలలు కాలక్రమమున శిథిలమగును. వానిలోని మెత్తని భాగము బంకమన్నుగ మారును. గట్టిదైన పలుగురాతి భాగము ఇసుకరేణువులుగ మిగులును. వర్షములు ఈ రేణువులను వాగులలోనికి, వాగులు నదులలోనికి, నదులు సముద్రములోనికి చేర్చును. కాలాహండి ప్రాంతపు కొండలలో పుట్టి ఒక్కొక్కటి సుమారు 250 కిలోమీటర్లు ప్రవహించు వంశధార, నాగావళి నదులును, మహేంద్రగిరి ప్రాంతమునుండి దిగి బారువ సమీపమున సముద్రమున కలియు మహేంద్రతనయయు, ఇచ్ఛాపురము దాటి సముద్రమును చేరు బాహుదయు మన తీరమునకు ఇసుకను మోసితెచ్చు బండ్లు.

ఒడ్డున నడచునపుడు తెల్లని ఇసుకపై నల్లని చారలు, గులాబిరంగు చారలు కనబడును. నల్లనిది ఇల్మనైటు, గులాబిరంగుది గార్నెట్టు. ఇవియు కొండశిలలలోనివే. పలుగురాతి ఇసుక నీటికంటె రెండున్నర రెట్లకు మించిన బరువుగలది. గార్నెట్టు సుమారు నాలుగు రెట్లు. ఇల్మనైటు నాలుగున్నర రెట్లకు పైబడినది. చేటలో ధాన్యము చెరిగినపుడు పొట్టు ఎగిరిపోయి గింజ నిలుచునట్లు, అల తేలిక ఇసుకను కొనిపోయి బరువు ఇసుకను ఒడ్డున విడిచిపెట్టును. ఒక పెద్ద గాలివాన వెలిసిన పిమ్మట ఒడ్డు నల్లబారి కనబడినచో, తెల్లని ఇసుక అచ్చటినుండి తరలిపోయినదని గ్రహింపవచ్చును.

అల చేయు పని

అల ఒడ్డుమీదికి వచ్చునపుడు ఇసుకను తెచ్చును. మరలిపోవునపుడు కొంత ఇసుకను కొనిపోవును. తెచ్చినది ఎక్కువయైన ఒడ్డు పెరుగును. కొనిపోయినది ఎక్కువయైన ఒడ్డు తరుగును. సముద్రము శాంతముగ నున్న నెలలలో అలలు తక్కువ ఎత్తున, ఎడమెడముగ వచ్చును. పైకి వచ్చిన నీటిలో కొంత ఇసుకలోనే ఇంకిపోవుటచే మరలిపోవు నీటికి బలము చాలదు. కావున ఇసుక ఒడ్డుననే మిగులును. తుఫాను దినములలో అలలు ఎత్తుగను, ఒకదానివెంట ఒకటిగను వచ్చును. ఇసుక అంతయు తడిసి నిండియుండుటచే నీరు ఇంకదు. వచ్చిన నీరంతయు వేగముతో మరలుచు ఒడ్డును కోసివేయును.

కోసిన ఇసుక ఎచ్చటికి పోవును? అందు చాలవరకు కొలది దూరముననే, నీటి అడుగున, ఒక తిన్నెగ ఏర్పడును. ఆ తిన్నెపై అలలు ముందుగనే విరిగి బలము కోల్పోవును. అనగా సముద్రము తాను కోసిన ఇసుకతోనే తన దెబ్బకు అడ్డుకట్ట వేసికొనుచున్నది. శాంతకాలము వచ్చినపుడు ఆ ఇసుక మెల్లమెల్లగ ఒడ్డునకు మరల చేరును. అందుచేత సాధారణముగ ఎండకాలపు తొలినెలలలో ఒడ్డు విశాలముగను, వానలు, తుఫానులు గడచునాటికి సన్నముగను ఉండును. ఒక తుఫానుకు పది బారల ఒడ్డు పోయినంతమాత్రమున ఊరు మునుగునని భయపడనక్కరలేదు. పోయినది మరుసటి ఏటికి తిరిగివచ్చినదా, లేదా అనునదియే చూడవలసిన విషయము.

అలకు మరియొక పని కలదు. మన తీరము నైరుతినుండి ఈశాన్యమునకు సాగియున్నది. నైరుతి ఋతుపవన కాలమున అలలు దక్షిణపు దిక్కునుండి ఏటవాలుగ వచ్చి ఒడ్డును తాకును. ఏటవాలుగ పైకి వచ్చిన రేణువు నేరుగ క్రిందికి జారును. మరుసటి అలకు మరికొంత ఉత్తరముగ ఎక్కును. ఇట్లు రంపపు పండ్లవలె ఎక్కుచు దిగుచు ఇసుక ఒడ్డువెంబడి ఉత్తరమునకు పయనించును. ఈశాన్య గాలుల కాలమున కొంత ఇసుక దక్షిణమునకు మరలును. ఏడాది మొత్తముమీద ఉత్తరమునకు పోవునదియే ఎక్కువ. కావున మన ఒడ్డుప్రక్కను కంటికి కనబడని ఇసుకనది ఒకటి ప్రవహించుచున్నదని భావింపవలెను. ఎగువ ఊరివారు దానికి అడ్డుకట్ట వేసినచో దిగువ ఊరి ఒడ్డు ఎండిన చెరువువలె తరిగిపోవును.

మొగలు, ఇసుకనాలుకలు, ఉప్పుటేరులు

ఈ ఇసుకనది నీటినది మొగను దాటవలసినపుడు అచ్చట ఇసుక పేరుకొని, ఒడ్డునుండి నాలుకవలె సాగిన తిన్నె ఏర్పడును. వరదలు బలముగ నున్న దినములలో నది ఆ నాలుకను త్రెంపి నేరుగ సముద్రమున పడును. నీరు తగ్గిన దినములలో నాలుక పెరిగి మొగను ప్రక్కకు త్రోయును. చిన్న ఏరులయందు మొగ పూర్తిగ పూడిపోవుటయు కలదు. మొగ పూడిన పడవలు వెలుపలికి పోజాలవు. వరదనీరు పొలములలో నిలిచిపోవును. కావున జాలరి పల్లెలకును, ఎగువ రైతులకును మొగ ఒకే ప్రయోజనముగల విషయము.

నాలుక వెనుక చిక్కుకొనిన నీరు ఉప్పుటేరుగను, ఉప్పుతంపరగను మారును. భావనపాడు వద్ద సముద్రమున కలియు ఏరును, దానిననుసరించియున్న నౌపడా ఉప్పుమళ్ళును ఇట్టి భూములే. పోటునీరు పల్లపు నేలపైకి సులభముగ ఎక్కుటచే ఇచ్చట ఉప్పు పండించుట సాధ్యమైనది. టెక్కలి మండలములోని తేలినీలాపురమునకు ఏటేట శీతకాలమున గూడబాతులు, ఎఱ్ఱకాళ్ళ కొంగలు వచ్చి చెట్లపై గూళ్ళు కట్టుటకు కారణము కూడ ఈ తంపరలలోని చేపలే. ఊరి చింతచెట్టుపై పక్షి నిలుచుటకు సముద్రపు పోటు కారణమనిన వింతగ తోచును. కాని అది నిజము.

మనకు ఉత్తరమున ఒడిశాలోని చిలికా సరస్సు ఇట్టి నాలుక వెనుక ఏర్పడినదే. దాని మొగ పూడుచు రాగా ఉప్పదనము తగ్గి, కలుపు పెరిగి, చేపలు సన్నగిల్లినవి. 2000 సెప్టెంబరులో క్రొత్త మొగను త్రవ్వి తెరచిన పిదప చేపల రాబడి మరల హెచ్చినది. మొగ తెరచియుండుటకును జాలరి పొయ్యి వెలుగుటకును గల సంబంధమునకు ఇది దగ్గరి దృష్టాంతము.

మెట్టలు, బీలలు

సముద్రము ఎల్లప్పుడు నేటి ఒడ్డుననే లేదు. సుమారు 20,000 సంవత్సరముల క్రిందట భూమిపై నీటిలో చాలభాగము మంచుగ గడ్డకట్టియుండుటచే సముద్రమట్టము నేటికంటె దాదాపు 120 మీటర్లు తక్కువగ నుండెను. మంచు కరగిన కొలది సముద్రము పైకి వచ్చి, ఆరేడు వేల సంవత్సరముల క్రిందట ఇంచుమించు నేటి మట్టమును చేరినది. అటుపిమ్మట నదులు తెచ్చిన ఇసుకతో తీరము తిరిగి సముద్రమువైపు జరుగ నారంభించినది. ఒడ్డున ఒక ఇసుకమెట్ట ఏర్పడును. కొంతకాలమునకు దాని ముందు మరియొకటి ఏర్పడును. రెండింటి నడుమ పల్లము మిగులును. ఉద్దానమునందలి మెట్టలు ఇట్లు పూర్వము ఒడ్డులుగ నుండినవియే. నేడు కొబ్బరితోట యున్న మెట్ట ఒకనాటి సముద్రతీరము.

మెట్టల నడుమనున్న పల్లములనే మనవారు బీలలని పిలుతురు. కొండలనుండి వచ్చు వాననీటికి ముందు మెట్ట అడ్డుగ నిలుచుటచే నీరు వెంటనే సముద్రమున పడక బీలలో ఆగును. అందు వరి పండును, చేపలు పెరుగును, పశువులకు మేత దొరకును. అంతకుమించి, ఆగిన నీరు ఇరుప్రక్కల మెట్టలలోనికి ఇంకి బావులను నింపును. బీల పనికిరాని భూమియను మాట అజ్ఞానమువలన వచ్చినది. సోంపేట బీలయందు బొగ్గు విద్యుత్కేంద్రము నిర్మింపదలచిన సందర్భమున 2010 జూలై 14న కాల్పులు జరిగి ప్రాణనష్టము సంభవించినది. అదేదినమున జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రమునకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దుచేసినది. కాగితములమీద బీడుగ వ్రాయబడిన నేల ఎందరికి జీవనాధారమో ఆ దుఃఖకర సంఘటన తెలుపుచున్నది.

దిబ్బను కట్టునది గాలి, నిలుపునది మొక్క

ఒడ్డున ఎండిన ఇసుకను గాలి లేపును. గాలివేగము గంటకు సుమారు 20 కిలోమీటర్లు దాటినచో రేణువులు గెంతుచు కదలును. వానికి ఏదేని అడ్డు తగిలినచో అచ్చట పడును. ఆ అడ్డు చాలవరకు ఒక మొక్కయే. మేకగిట్టవంటి ఆకులు, ఊదాపూలు గల తీగ యొకటియు, ముండ్లబంతులు గాలికి దొర్లు గడ్డి యొకటియు ఉప్పుగాలికి ఓర్చి ఒడ్డున మొదట మొలచును. ఇసుక తమను కప్పిన కొలది ఇవి పైకి పెరుగును. పెరిగిన కొలది మరింత ఇసుకను పట్టును. ఇట్లు దిబ్బ ఎత్తగును. దాని వెనుక మొగలి, ఆ వెనుక చెట్లు నిలదొక్కుకొనును.

మొక్కను తీసివేసినచో దిబ్బ నిలువదు. త్రొక్కుడుచే, మేపుచే, బండ్ల రాకపోకలచే తీగ చచ్చినచోట గాలి గండి కొట్టును. అందుండి లేచిన ఇసుక వెనుకనున్న తోటలపై, బాటలపై పడును. సరుగుడు గాలిని తగ్గించుటకు మంచిదే; కాని దాని నీడలో, రాలిన ఆకుక్రింద ఒడ్డుతీగ పెరుగదు. కావున సరుగుడును దిబ్బ వెనుకభాగమున నాటి, ముందుభాగమును తీగకును, గడ్డికిని విడుచుట మేలు. జనవరి మొదలు కొన్ని నెలలు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గ్రుడ్లు పెట్టుటకు వచ్చునదియు ఈ ముందుభాగమునకే.

దిబ్బక్రింది మంచినీరు

వజ్రపుకొత్తూరు మండలమున సముద్రపుటొడ్డుననే మంచినీళ్ళపేట అను పల్లె కలదు. ఆ పేరు గమనింపదగినది. సముద్రము ప్రక్కనే త్రవ్విన బావిలో మంచినీరు ఎట్లు పడును?

ఇసుకమెట్టపై కురిసిన వాన వెంటనే ఇంకి క్రిందికి దిగును. క్రిందనున్న ఉప్పునీటికంటె మంచినీరు తేలికయగుటచే అది దానిపై తేలియుండును. 40 కడవల సముద్రపునీరు 41 కడవల మంచినీటితో సరితూగును. దీనినిబట్టి ఒక లెక్క ఏర్పడినది. దీనిని 1888లో గైబెన్ అను డచ్చివాడును, 1901లో హెర్జ్‌బెర్గ్ అను జర్మనీవాడును తమ తీరములందు కనుగొనిరి. మెట్టలోని నీటిమట్టము సముద్రమట్టముకంటె 1 మీటరు ఎత్తున నున్నచో, సముద్రమట్టమునకు క్రింద సుమారు 40 మీటర్ల లోతువరకు మంచినీరుండును. భూమిలో బంకమన్ను పొరలున్నచోట ఈ లెక్క కొంత మారును. సూత్రము మాత్రము మారదు.

ఈ లెక్కలో ఆశయు కలదు, హెచ్చరికయు కలదు. మోటార్లతో అతిగా తోడి నీటిమట్టమును అర మీటరు తగ్గించినచో, కాలక్రమమున క్రిందినుండి ఉప్పునీరు 20 మీటర్లు పైకి రాగలదు. దిబ్బను తవ్వి ఎత్తు తగ్గించినను, బీలను ఎండగట్టినను ఫలితము అట్టిదే. ఒకసారి ఉప్పెక్కిన బావి తిరిగి తీయనగుటకు ఎన్నో వానకాలములు పట్టును. ఇచ్చట చెప్పినది నీటి ఉప్పదనమును గూర్చి మాత్రమే. ఉద్దానమున ప్రబలిన మూత్రపిండ వ్యాధికి కారణము వేరుగ పరిశోధింపబడుచున్నది. ఆ రెండింటిని కలుపరాదు.

తుఫాను పెట్టు పరీక్ష

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను మనకు ఉత్తరమున గోపాలపురము వద్ద తీరము దాటినది. 2018 అక్టోబరు 11 వేకువన తిత్లీ తుఫాను పలాస సమీపముననే తీరము దాటినది. గాలి గంటకు 140 నుండి 150 కిలోమీటర్లు, ఒక్కొక్కతరి 165 కిలోమీటర్ల వేగముతో వీచినది. తరతరములు పెంచిన కొబ్బరి, జీడి తోటలు ఒక్కరాత్రిలో నేలగూలినవి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నమునకు ఉత్తరమున దాటినది.

తుఫాను గాలి మన ప్రాంతమున గడియారపు ముల్లునకు ఎదురుదిక్కున తిరుగును. కావున తుఫాను కేంద్రము మన ఊరికి దక్షిణమున తీరము దాటినచో గాలి సముద్రమునుండి నేలమీదికి వీచి నీటిని ఒడ్డుపైకి నెట్టును. ఉత్తరమున దాటినచో గాలి నేలనుండి సముద్రముపైకి వీచును. ఉప్పెన భయము తగ్గును. పోటు సమయమునకును, అమావాస్య, పౌర్ణములకును తుఫాను తోడైనచో ప్రమాదము మిక్కుటము.

అట్టి సమయమున నీరు ఎత్తైన దిబ్బను దాటదు. దిబ్బలోని గండిని వెదకికొనును. ఒడ్డునకు బండ్లు పోవుటకు దిబ్బను నేరుగ కోసిన బాటయే ఉప్పెనకు ద్వారమగును. దిబ్బ ముందుభాగము తుఫానులో కొంత కోతపడుట దాని ఓటమి కాదు. ఆ ఇసుకయే నీటి అడుగున తిన్నెగ మారి అలను విరుచును. పిదప తీగ మొలచి దిబ్బ తిరిగి లేచును.

మనుష్యుని చేత

19వ శతాబ్ది చివర మద్రాసు రేవునకై సముద్రములోనికి గోడలు కట్టిరి. ఉత్తరమునకు పోవు ఇసుక గోడకు దక్షిణమున ఆగిపోయినది. అచ్చట మెరీనా ఒడ్డు విశాలమైనది. ఉత్తరముననున్న రాయపురము వైపు తీరము కోతపడి ఇండ్లు, బాటలు పోయినవి. 1933లో తెరచిన విశాఖపట్నపు రేవునకు ఉత్తరమున రామకృష్ణా బీచియు ఇట్లే కోతపడుటచే, రేవు వద్ద చేరిన ఇసుకను త్రవ్వి ఏటేట అచ్చటికి చేరవేయవలసి వచ్చినది. రేవు రాకూడదని దీని అర్థము కాదు; ఆగిన ఇసుకను దాటించు ఏర్పాటు రేవుతోపాటు ఉండవలెనని అర్థము. సంతబొమ్మాళి మండలమున మూలపేట రేవునకు 2023 ఏప్రిలులో శంకుస్థాపన జరిగినది. దానికి ఉత్తరముననున్న పల్లెలు తమ ఒడ్డును ఏటేట కొలిచి వ్రాసియుంచుకొనుట వివేకము. కొలత లేని ఫిర్యాదు కంటె కొలతతో కూడిన విన్నపము బలమైనది.

కోత కనబడినంతనే రాతిగోడ అడుగుట సహజము. గోడ తన వెనుకనున్న స్థలమును కాపాడవచ్చును; కాని దాని చివర, ప్రక్క ఊరివైపు, కోత హెచ్చును. నదులలో ఇసుకను మితిమీరి తీయుటయు, ఆనకట్టల వెనుక ఇసుక ఆగుటయు ఒడ్డునకు రావలసిన రాబడిని తగ్గించును. ఇంతలో సముద్రమట్టమును పెరుగుచున్నది. 2006–2018 మధ్య ప్రపంచపు సగటున అది ఏటికి సుమారు 3.7 మిల్లీమీటర్లు పెరిగినది. రాబడి తగ్గి, ఖర్చు పెరిగిన కుటుంబము వలెనే తీరము కూడ ఇబ్బందిపడును.

పంచాయతీలు చేయదగినవి

1. ఒడ్డునకు దూరముగ కదలని గుర్తును, గుడి అరుగునో బడి గోడనో, ఎన్నుకొని, అచ్చటినుండి పెద్దపోటు గీతవరకు ఏటికి రెండుమారులు, ఏప్రిలులోను డిసెంబరులోను, పౌర్ణమినాడు కొలిచి పంచాయతీ పుస్తకమున వ్రాయవలెను. ఏప్రిలు కొలతను ఏప్రిలుతోను, డిసెంబరు కొలతను డిసెంబరుతోను పోల్చవలెను.

2. దిబ్బనుండి ఇసుక తీయనీయరాదు. 2019 తీరనియంత్రణ మండల ప్రకటన ప్రకారము ఇసుకదిబ్బలు, మడ అడవులు, ఉప్పుతంపరలు, తాబేళ్ళు గ్రుడ్లు పెట్టు చోట్లు విశేష రక్షణగల భూములు.

3. ఒడ్డునకు పోవు బాటలను తగ్గించి, ఉన్నవానిని నేరుగ గాక వంకరగ మలచవలెను. గండ్లయందు తాటాకు దడులు కట్టినచో ఇసుక చేరును. పిదప తీగను నాటవచ్చును.

4. బీలల హద్దులను రెవెన్యూ వారి సాయముతో గుర్తించి, పూడ్చుటకును ఆక్రమణకును చోటీయరాదు.

5. ఒడ్డునకు చేరువనున్న బావుల నీటిని వేసవిలో పరీక్ష చేయించి, ఉప్పదనము పెరుగుచున్నచోట క్రొత్త మోటార్లు పెట్టనీయరాదు. ఇందుకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము తోడ్పడును.

6. ఒడ్డు పల్లెలకు సరిహద్దులు గలవు, ఇసుకకు లేవు. కావున ఇరుగుపొరుగు పంచాయతీలు కలిసి ఆలోచింపవలెను.

మన తాతలు మెట్టమీద ఊరును, పల్లములో వరిని, దిబ్బమీద మొగలిని ఉంచిరి. వారు భూగర్భశాస్త్రము చదివినవారు కారు. నేలను చూచి నేర్చినవారు. వారు కన్నులతో నేర్చినదానిని శాస్త్రము నేడు లెక్కలతో చెప్పుచున్నది. ఆ రెండింటిని తెలిసిన పంచాయతీ తుఫాను పిమ్మట సహాయమునకు ఎదురుచూచుటకు ముందే తన ఊరికి చాలవరకు రక్షణ కల్పించుకొనగలదు.